కాసులమ్మ ఇంటి పెద్దమంచం

సోమవారం

ఎండసెలవు మీద వచ్చినవాళ్ళు రోజూ ఎంతసేపు ఆరుబయట గడిపారో, ఏం చేశారో రాయాలని ఆరోగ్య మండలి నియమం. రాయకపోతే సెలవు చెల్లదు, మళ్ళీ పంపుతారు. అందుకని రాస్తున్నాను తప్ప నాకు రాతకోతల సరదా ఏమీ లేదు. పేరు సౌదామిని. ఉద్యోగం టవర్లలో లిఫ్టుల తనిఖీ. పుట్టింది నలభయ్యో అంతస్తులో, ఇప్పుడు ఉంటున్నది అరవయ్యో అంతస్తులో. ఎముకలు గుల్లబారుతున్నాయట, ఒంటికి ఎండా గాలీ తగలాలట. కొండలూ అడవులూ ఏవీ లేవా అని డాక్టర్ని అడిగితే, ఖాళీ ఉన్నది తెప్పలరేవు ఒక్కటేనంది.

బండి సరుగుడు తోట అవతలే దింపేసి వెళ్ళిపోయింది. మళ్ళీ వచ్చే సోమవారం గానీ రాదు. తోట దాటితే ఇసుక, ఇసుక దాటితే ఊరు, ఊరు దాటితే ఇంకేమీ లేదు, సముద్రమే. నన్ను తిప్పి చూపించడానికి నూకాలు అనే ఆవిడని పెట్టారు. నేను ఉండేది కాసులమ్మ ఇంట్లో. కాసులమ్మ నాకంటే నాలుగైదేళ్ళు పెద్దదై ఉంటుంది. ఒంటరి మనిషి, గొంతు మాత్రం పదిమంది పెట్టు.

"రండమ్మా, సూసి అడుగెయ్యండి. మొన్న మెట్టు అల్లక్కడుండీది," అంది.

ఇక్కడ ప్రతి ఇంటికీ కాళ్ళున్నాయి. సముద్రం ముందుకొస్తే ఇల్లు వెనక్కి నడుస్తుంది, సముద్రం తగ్గితే ముందుకు నడుస్తుంది. ఎప్పుడు నడవాలో ఇల్లే చూసుకుంటుంది, మనుషుల్ని అడగదు. ఊళ్ళో ఇళ్ళన్నింటికంటే ముందు, నీళ్ళకు దగ్గరగా నిలబడ్డది కాసులమ్మ ఇల్లే. ఆ సంగతి ఆవిడ నాకు అన్నం పెట్టేలోపు మూడుసార్లు చెప్పింది.

ఇంట్లో నేలకు బిగించిన మంచం ఒకటుంది. దాన్ని పెద్దమంచం అంటారు. రోజూ కాసులమ్మ పడుకునేది దానిమీదే. తన దుప్పటి తీసేసి నాకు ఉతికిన దుప్పటి పరిచి, తను వసారాలో చాప వేసుకుంది. నాకు చాప చాలన్నాను.

"సుట్టాన్ని కింద పండబెట్టి నాను మంచమెక్కుతానేటమ్మా? నలుగురూ ఇంటే మొకాన ఉమ్మేత్తారు."

సముద్రం చప్పుడు ఆగదు. మా టవర్లో ఏ చప్పుడుకైనా ఎక్కడో ఒకచోట మీట ఉంటుంది. ఇది ఎప్పుడాగుతుందని అడిగితే కాసులమ్మ నా వంక జాలిగా చూసి ఇంకో చేపముక్క వేసింది. భయపడ్డాననుకుంది కాబోలు. సగంలో ఆగిపోయిన లిఫ్టు పైకెక్కి పని చేసినదాన్ని, నాకు భయమేమిటి?

మంగళవారం

బాగా నిద్రపట్టింది. పొద్దున లేచి చూస్తే, నిన్న గుమ్మం పక్కనే ఉన్న నీళ్ళ కుళాయి దూరంగా కనబడింది. పక్కిళ్ళన్నీ ఎక్కడివక్కడే ఉన్నాయి. మా ఇల్లొక్కటే అలిగినట్టు వెనక్కి జరిగింది. బిందె మోసుకొస్తూ కాసులమ్మ, "ముసిలిదైపోనాది గదమ్మా, ఒకోపాలి అలాగే సేస్తాది," అని నవ్వేసింది.

సముద్రం వెనక్కి తగ్గే వేళ నూకాలు నన్ను రాళ్ళ మీదికి తీసుకెళ్ళింది. రాళ్ళ గుంటల్లో నీళ్ళు నిలిచి, వాటిలో చిన్న చిన్న పీతలు, గోరంత చేపలు. నూకాలు ఒక్కోదాన్నీ చేత్తో తీసి చూపించి మళ్ళీ జాగ్రత్తగా వదిలింది. బాగుంది, బాగాలేదని ఎందుకు రాయాలి? మోకాళ్ళదాకా మాత్రమే దిగాను. నీళ్ళు చల్లగా ఉన్నాయన్నాను, అది నిజం కూడాను.

తిరిగొస్తుంటే సరుగుడు తోట ముందు వరసగా పాతిన తెల్లరాళ్ళు కనిపించాయి. ఏమిటవి అని అడిగాను.

"గట్టు రాల్లమ్మా. ఇల్లు ఆ రాయి దాటిందంటే కాల్లు బిగుసుకుపోతాయి. మరి ముందుకి రాదు. గట్టు దాటిన ఇంటికి వల తాడు మీద సెయ్యి నేదు."

"చెయ్యి లేకపోతే?"

"తాడు పట్టనోల్లకి సేపలు నేవు, సేపల్లేనోల్లకి ఊరు నేదు. మీ టవర్లోకొచ్చి కూకోవాల," అంది నూకాలు. ఆ మాట అన్నాక నాలుక కరుచుకుని, "మీది మంచి టవరేననుకోండి," అని కలిపింది.

ఊరి వల కాసులమ్మ ముంగిట్లోంచే నీళ్ళలోకి దిగుతుందట. ఆవిడ అత్తగారి నాటి నుంచీ అంతేనట.

బుధవారం

బాగా నిద్రపట్టింది. ఇల్లు మళ్ళీ నడిచింది. నిన్నటికంటే ఎక్కువే నడిచింది.

నూకాలు ఎర్రమట్టి దిబ్బ ఎక్కించింది. పొద్దున వెళ్తే చీకటి పడే ముందు తీసుకొచ్చింది. దిబ్బ మీద నుంచి చూస్తే ఏరు వంకర తిరిగి సముద్రంలో కలిసేచోట కొంగలు బారులు తీరి నిలబడ్డాయి. జీడిమామిడి పళ్ళు తిని పెదవులు పగిలాయి. మధ్యాహ్నమే కాళ్ళు లాగి, ఇక ఇంటికి పోదామన్నాను. "ఇంకో సిన్న దిబ్బున్నాదమ్మా," అంది. ఆ చిన్న దిబ్బ పెద్ద దిబ్బకంటే పెద్దది.

వచ్చి చూస్తే ఇల్లు పొద్దుటి చోట లేదు, కాస్త ముందుకొచ్చి ఉంది. వాకిట్లో ఇసుక దున్నినట్టు చాళ్ళు పడి ఉన్నాయి. కాసులమ్మ రెండు అరచేతులకూ కొబ్బరినూనె రాసుకుని కూర్చుంది. ఏమైందంటే, వల తాడు గీసుకుపోయిందంది.

ఇల్లు రాత్రి వెనక్కి, పగలు ముందుకు నడుస్తోందంటే దానికి మతి తప్పిందన్నమాట. యంత్రం సంగతి నాకు తెలుసు. మండలికి కబురు పెడదాం, ఇళ్ళ కాళ్ళు బాగుచేసేవాళ్ళని పంపుతారు అన్నాను. అన్నం వడ్డిస్తున్న కాసులమ్మ చేతిలో గరిటె ఆగిపోయింది.

"వొద్దమ్మా, మీ కాల్లు మొక్కుతాను. బాగుసేత్తామని తోట అవతలకి లాక్కెల్లిపోతారు. మరి తేరు. నా ఇల్లు గట్టు దాటిపోతాది."

సరే అన్నాను. అంత గొంతున్న మనిషి అంత మెల్లగా మాట్లాడడం నాకు నచ్చలేదు.

గురువారం

సముద్రంలో ఎక్కడో వాయుగుండం పుట్టిందట. ఒడ్డుకు రాదు, గాలి మాత్రం వస్తుందన్నారు. రాత్రంతా కిటికీ రెక్కలు కొట్టుకున్నాయి. నిద్ర పట్టింది, అప్పుడప్పుడూ మెలకువ వచ్చింది, అంతే.

పొద్దున వంటింటి కిటికీలోంచి గట్టు రాయి కనిపించింది. మొన్నటిదాకా ఆ కిటికీలోంచి ఇసుక తప్ప ఏమీ కనిపించేది కాదు. కాసులమ్మ అటు చూడకుండా వంట చేసింది. వల పెద్ద దానయ్య వచ్చి ఇంటి కాళ్ళ చుట్టూ తిరిగి చూసి, నన్ను చూడగానే నవ్వాడు. "ఇయాల తెప్ప మీద ఏరెక్కుదురు గాని ఎల్లండమ్మా. ముంజలు దిగినాయి, తిందురు గాని," అన్నాడు.

నాకు ఒళ్ళంతా నొప్పులు. ఇవాళ ఇంట్లో పడుంటానన్నాను. కాసులమ్మ, దానయ్య, అప్పుడే వచ్చిన నూకాలు ముగ్గురూ ఒకేసారి వద్దన్నారు. ఎండ పోతుందట, మళ్ళీ ఇలాంటి ఎండ రాదట. ఇంత ఆరోగ్యం నాకు అక్కర్లేదని చెప్పినా వినలేదు. ఏరులో తెప్ప మీద కూర్చోబెట్టి, నీళ్ళలోకి వంగిన మొగలి పొదల పక్కనుంచి తీసుకెళ్ళారు. ఏరు నాకు నచ్చింది. ఏరుకు అవతలి ఒడ్డు ఉంటుంది. ముంజలు కడుపునిండా తిన్నాను. ఇంటికి పోదామంటే నూకాలు ఇంకో గెల కొట్టించింది. ఈ ఊరివాళ్ళకి మర్యాద ఎక్కువ, మనిషి ఒళ్ళు చూసుకునే తెలివి తక్కువ.

సాయంత్రం ఇల్లు మళ్ళీ ముందుకొచ్చింది గానీ నిన్నటంత కాదు. రాయి ఇంకా కనిపిస్తూనే ఉంది.

శుక్రవారం

ఇవాళ జరిగింది ఉన్నదున్నట్టు రాస్తాను.

పొద్దున్నే రాళ్ళ మీద కాలు జారింది. మడమ దగ్గర బెణికి వాచింది. నూకాలు నన్ను నీడలో కూర్చోబెట్టి పసరు కట్టి, అక్కడే సాయంత్రందాకా కబుర్లు చెప్పుకుందాం అంది. నేను ససేమిరా అన్నాను. కర్ర పట్టుకుని బయల్దేరాను. ఆవిడ నా వెనకే, "అమ్మా, ఇలా సుట్టుతిరిగి ఎల్దాం, అమ్మా, కాసేపాగండి," అంటూ వచ్చింది. అబద్ధం ఆడడం చేతకాని మనిషి.

తోట మలుపు తిరగ్గానే కనిపించింది. ఊరు ఊరంతా ఇసుకలో ఉంది. వల తాళ్ళు రెండూ కాసులమ్మ ఇంటి ముందు కాళ్ళకు కట్టి, ఆడా మగా రెండు వరసల్లో నిలబడి, ఇంటిని సముద్రం వైపు లాగుతున్నారు. దానయ్య పాట ఎత్తుకుంటే అందరూ ఒక్కసారి గుంజుతున్నారు. ముందు వరసలో కాసులమ్మ, అరచేతులకు గుడ్డపీలికలు చుట్టుకుని. ఇల్లు మొండికేసిన దున్నలా నాలుగు కాళ్ళూ ఇసుకలో తన్నిపెట్టి నిలబడింది.

నన్ను చూసి పాట ఆపేశారు. తాడు మాత్రం వదల్లేదు.

"ఏమిటిది?" అన్నాను.

అందరూ దానయ్య వైపు చూశారు. చివరికి దానయ్య చెప్పాడు. "ఇల్లు గుండె సూస్తాదమ్మా. పెద్దమంచం మీద పండిన మనిసి గుండె. మునుపు పెద్ద తుపాన్లలో కదలండర్రా అంటే జనం కదల్లేదు. ఇల్లొదల్లేక సచ్చిపోనారు. అందుకని సర్కారోల్లు ఇల్లకి కాల్లు పెట్టి, నడిపీది మా సేతికియ్యలేదు. మనిసి నోరు ఏటైనా అంటాది గాని గుండె అబద్దమాడదని. మంచం మీది గుండె బెదిరితే ఇల్లు ఎనక్కి పోతాది."

"కాసులమ్మ గుండె బెదరదు," అంది నూకాలు నా వెనకనుంచి. "అందుకే దానిల్లు అందరికన్నా ముందుంటాది."

అప్పుడు అర్థమైంది. నాలుగు రోజులుగా నన్ను దిబ్బల మీదా ఏటి మీదా తిప్పింది నా ఎముకల కోసం కాదు. నేను రాత్రి భయపడి వెనక్కి నడిపించిన ఇంటిని, పగలు ఊరంతా కలిసి ముందుకు లాగడం కోసం. సిగ్గుతో ఒళ్ళు చచ్చిపోయింది. సిగ్గేస్తే నాకు కోపం వస్తుంది.

"మొదటిరోజే నాతో చెప్పొచ్చుగా. నాకు చెవులు లేవా?"

కాసులమ్మ నా మొహం చూడలేదు. "సుట్టంతో సెప్పీ మాటేటమ్మా అది? నీ వల్ల నా ఇల్లు పోతందని, ఇంటికొచ్చిన మనిసితో ఏ నోటితో సెప్పమంటారు?" ఆ తర్వాత నూకాలుని తిట్టింది, సాయంత్రందాకా ఆపలేని మనిషివి నీకు తిప్పే పనెందుకని.

భయమే. ఇప్పుడు దాచి లాభమేముంది, ఇంటికే తెలిసిపోయాక. మంచం ఎక్కిన దగ్గర్నుంచి ఒక్కో అల వచ్చి విరిగినప్పుడల్లా, అమ్మయ్య అనుకునేలోపు వెనక ఇంకోటి. దాన్ని ఆపేవాళ్ళు ఎవరూ లేరన్నదే నా భయం. ఇన్నేళ్ళు వచ్చి ఇంత పిరికిదాన్నని నాకే తెలియదు.

ఇవాళ పెద్దమంచం ఎక్కను. వసారాలో చాప మీదే పడుకుంటాను. కాసులమ్మ ఎంత చెప్పినా వినను.

శనివారం

నేను చేసిన తెలివైన పని వల్ల కొంప మునిగింది.

రాత్రిపూట మంచం మీద ఎవరూ లేకపోతే, ఇంట్లో మనుషులు వెళ్ళిపోయారనుకుంటుందట ఇల్లు. ఒంటరి ఇల్లు ఒడ్డున ఎందుకని తిన్నగా తోట వైపు బయల్దేరుతుందట. నేనూ కాసులమ్మా వసారాలో ఉన్నాం. వసారా లెక్కలోకి రాదు. కాసులమ్మ మంచమెక్కమని బతిమాలింది ఇందుకేనట, నేను మర్యాదకనుకున్నాను. తెల్లారేసరికి వెనక కాలికీ గట్టు రాయికీ మధ్య జానెడు ఇసుక మిగిలింది. దానికి తోడు వాన పడి ఇసుక తడిసి, కాళ్ళు దిగబడిపోయాయి. ఊరంతా కలిసి గుంజినా ఇల్లు కదల్లేదు. రెండో తాడు తెగింది.

"నువ్వెళ్ళి మంచం మీద పడుకో," అన్నాను కాసులమ్మతో. "నీ మంచమే కదా."

"సుట్టం ఇంట్లో ఉండగా సుట్టానికేసిన మంచం నానెక్కితే, సుట్టాన్ని ఎల్లగొట్టినట్టే."

"నేనేమీ అనుకోను."

"మీరనుకోరు. ఊరొప్పుకోదు."

దానయ్య వంక చూశాను. తల దించుకున్నాడు. అదీ నిజమేనట. చుట్టాన్ని ఎల్లగొట్టిన ఇంటి తాడు ఎవరూ ముట్టరట. అంటే, ఆవిడ మంచం ఎక్కితే తాడు పోతుంది, నేనెక్కినా ఎవరూ ఎక్కకపోయినా ఈ రాత్రికి ఇల్లు గట్టు దాటి తాడు పోతుంది. నేను ఊరు వదిలిపోదామంటే బండి సోమవారం గానీ రాదు. వేరే ఇంటికి మారితే ఆ ఇల్లు నడుస్తుంది, పైగా అదీ ఎల్లగొట్టడమే. కాసులమ్మ మెట్టు మీద కూర్చుని రాయి వంక చూస్తోంది. ఏడవలేదు. ఏడిస్తే నాకు కాస్త తేలిగ్గా ఉండేది.

"దానయ్యా, చుట్టం చుట్టం కాకుండా పోవాలంటే ఏం చెయ్యాలి?"

తెగిన తాడు కొస పైకెత్తి చూపించాడు. "మా కాడ ఒక మాటుందమ్మా. కూడు తిన్నోల్లు సుట్టాలు, తాడు పట్టినోల్లు ఊరోల్లు అని. కాని కొత్త సెయ్యి తాడు సివర పట్టాల. నీల్లల్లో."

"నీళ్ళల్లో అంటే?"

"మొలబంటి."

కాసులమ్మ లేచి నిలబడింది. "ఒద్దు. కాలు బెణికున్నాది. బెదురుమనిసి. గుండాగిపోతే ఆ పాపం నాకొద్దు. ఇల్లు పోతే పోనీ," అంది. పోనీ అన్నప్పుడు ఆవిడ గొంతు ఎలా ఉందో నేను విన్నాను. అందుకే చీర ఎగ్గట్టాను.

వాన తగ్గాక, తెగిన తాడు అప్పటికి పైపైన ముడేసి వల వేశారు. తెప్ప వెళ్ళి వలను అర్ధచంద్రంలా దింపి వచ్చింది. తాడు చివర నన్ను నిలబెట్టారు. చీలమండదాకా, మోకాలుదాకా, మొలదాకా. అల వచ్చి కొట్టినప్పుడల్లా కాళ్ళకింద ఇసుక జారిపోతోంది. నేను కళ్ళు మూసుకున్నాను. నాకు తెలిసిన దేవుళ్ళందరినీ పిలిచాను, తెలియనివాళ్ళను కూడా. భయం తగ్గుతుందనుకున్నాను. ఏమీ తగ్గలేదు. చేతులు మాత్రం తాడును వదల్లేదు. వదిలితే మునిగిపోతాననే భయం కూడా అందులో ఉంది, గొప్పలు ఎందుకు చెప్పుకోవాలి.

నా ముందే తాడు పట్టి నిలబడ్డ కాసులమ్మ ఒక్కసారి వెనక్కి తిరిగింది.

"ఒలే సౌదామినీ, తాడు లాగమంటే దాన్ని కావలించుకుని నిల్సున్నావేటే? కల్లు తెరు. కాలు తన్నిపెట్టి లాగు. ఏలాడ్డానికొచ్చినావా?"

మా టవర్లో నన్ను ఎవరూ తిట్టరు. తలుపులు కూడా దయచేసి అంటాయి. మా అమ్మ పోయాక నన్ను ఒలే గిలే అన్న మనిషి లేదు. కళ్ళు తెరిచాను. లాగాను. అరచేతులు మండిపోయాయి. పక్కన ఎవరో, ఇంకా ఇంకా అన్నారు. వల ఒడ్డుకు చేరేసరికి నా ఒంట్లో ఎముకలన్నీ ఎక్కడెక్కడున్నాయో తెలిసింది.

దానయ్య పాళ్ళు పంచుతూ, నా ముందు ఇసుకలో గుప్పెడు కవళ్ళు పోశాడు. చిన్న చేపలు, సగానికి తలలు లేవు. కాసులమ్మ వాటిని చూసి, "తోముకో. పొలుసు సరిగ్గా తియ్యి. నిన్నటిదాకా ముల్లు తీసి పెట్టినాను, ఇంక నేదు," అని తన పని చూసుకోవడానికి వెళ్ళిపోయింది.

దీపాలు పెట్టే వేళకి గదిలోకి వెళ్ళాను. పెద్దమంచం మీద పాత దుప్పటి పరిచి ఉంది. కాసులమ్మ దానిమీద అడ్డంగా, కాళ్ళు బారజాపుకుని పడుకుని ఉంది.

"సాప అల్లక్కడున్నాది. ఏసుకో," అంది కళ్ళు తెరవకుండా. నేను చాప విదిలించేలోపే గురక పెట్టింది.

ఆదివారం

నిద్రపోలేదు. సముద్రం రాత్రంతా అరిచింది, నేను రాత్రంతా విన్నాను. గుండె దడదడలాడుతూనే ఉంది. ఇల్లు మాత్రం నా గుండెను లెక్కచెయ్యలేదు.

తెల్లారగానే ఊరంతా గట్టు రాయి దగ్గరికి వచ్చింది. జానెడు ఇసుక జానెడే ఉంది. దానయ్య కిందికి వంగి చేత్తో కొలిచాడు. లేచి దులుపుకున్నాడు. "పదండర్రా, పొద్దెక్కిపోతంది," అన్నాడు. అంతే, ఎవరి పని మీద వాళ్ళు పోయారు. ఇల్లు మళ్ళీ తన చోటికి రావాలంటే వానాకాలం దాటాలట. మెల్లగా అదే వస్తుందట. కాసులమ్మ అప్పటిదాకా అందరి ఇళ్ళకూ వెనక ఉండాలి. అది తలుచుకుని పొద్దున్నుంచీ చిరాగ్గా ఉంది. ఆ చిరాకంతా నా మీదే తీర్చుకుంటోంది.

ఇవాళ ఆరుబయట చేసినవి: తెగిన తాడు ముడివెయ్యడం నేర్చుకున్నాను. కాసులమ్మ మూడుసార్లు విప్పించింది. నీళ్ళు మోశాను. మధ్యాహ్నం మళ్ళీ వలకు వెళ్ళాను. ఈసారి మోకాళ్ళ నీళ్ళలోనే నిలబెట్టారు, పాతదాన్నయ్యాను కాబట్టి. భయమేసింది. నూకాలు నన్ను ఎక్కడికీ తీసుకెళ్ళలేదు. తనకి పనుందట, నువ్వే ఎల్లు, దారి తెలుసు కదా అంది.

రేపు బండి వస్తుంది. చుట్టాలనైతే తోట అవతలిదాకా ఊరు ఊరంతా వెళ్ళి సాగనంపుతుందట. నేను బయల్దేరేసరికి వల వేళ అవుతుంది, ఎవరికీ కుదరదని దానయ్య ముందే చెప్పాడు. సామాను నేనే సర్దుకున్నాను. కాసులమ్మ గుమ్మంలో కూర్చుని, ఎండుచేపలు మూటగట్టి నా వైపు విసిరి, తడి తగలనియ్యకు అంది. మళ్ళీ ఎప్పుడొస్తావని మాత్రం అడగలేదు. నూకాలుని అడిగాను, అదేమిటి, మాటవరసకైనా అడగలేదేమని. నూకాలు నవ్వింది.

"అది సుట్టాల్ని అడిగీ మాట గదే."